దానయ్య బోటెక్కిన షుగరు మిషను

నన్ను అందరూ షుగరు మిషను అంటారు. కొత్తగా వినేవాళ్ళు చెరుకు ఆడే గానుగలాంటిదేదో ఊహించుకోవచ్చు. నేను అంత పెద్దదాన్ని కాను. నేను ఒక సబ్బుబిళ్ళంత యంత్రాన్ని. ఒక బటను, ఒక చిన్న అద్దం, కింద సన్నటి నోరు. ఆ నోట్లో స్ట్రిప్ అనే చిన్న పట్టీ పెట్టి, దాని కొసకి మనిషి నెత్తుటి బొట్టు తాకిస్తే, అందులో గ్లూకోజు ఎంతుందో అంకె చూపిస్తాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

ఫ్యాక్టరీలో తెల్లటోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నా నోట్లో మొదటి స్ట్రిప్ పెట్టి, దాని మీద ఎర్రరంగు కలిపిన చక్కెర నీళ్ళ బొట్టు వేసింది. నేను చూపించిన అంకె సరిగ్గా ఉందని తల ఊపి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆమె ముఖం మళ్ళీ చూడలేదు. జీవితమంతా నెత్తురు తాగబోయేదానికి మొదటి గుటక తీపి నీళ్ళు పోసి పంపించారు.

నా పని ఎలా జరుగుతుందో చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. స్ట్రిప్ కొసన కంటికి కనబడనంత పొడి ఉంటుంది. గ్లూకోజు తగలగానే ఆ పొడి దాన్నుంచి ఎలక్ట్రాన్లను లాగి నా తీగల్లోకి పంపుతుంది. ఎంత కరెంటు వస్తే అంత గ్లూకోజు ఉన్నట్టు. మనిషి ఒంట్లోని కణాలు కూడా గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లనే తీసుకుంటాయి. కాకపోతే వాటికి నాకున్న తొందర లేదు. మెట్టు మెట్టుగా విరుచుకుంటూ, చివరికి ఊపిరితో వచ్చిన ఆక్సిజనుకు ఆ ఎలక్ట్రాన్లను అప్పగిస్తూ, మధ్యలో పుట్టిన శక్తిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి దాచుకుంటాయి. ఆ పొట్లాలు విప్పుకునే గుండె కొట్టుకుంటుంది, చెయ్యి తాడు లాగుతుంది, నోరు తిడుతుంది. నేను అంకె వేసి ఊరుకుంటాను. బతికేది వాళ్ళు.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఉండే వేమకోటి సదాశివరావు గారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నేను ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన నన్ను సత్యం పలికే యంత్రమని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. అంకె తక్కువ వచ్చిన రోజున నాకంటే గొప్ప యంత్రం లేదు. ఎక్కువ వచ్చిన రోజున స్ట్రిప్‌ది తప్పు, బ్యాటరీది తప్పు, లేదా నాదే తప్పు. వేలు మార్చి, చెయ్యి మార్చి, నచ్చిన అంకె వచ్చేదాకా పొడుచుకునేవారు. ఒకరోజు ఆయన నన్ను బల్లమీద గట్టిగా పడేస్తే భార్య కామేశ్వరి గారు వంటింట్లోంచి వచ్చారు.

"దాన్నెందుకండీ తిడతారు? నిన్న పెళ్ళిలో కాజాలు తిన్నది అదా, మీరా?"

ఆయన నవ్వేశారు. మంచి మనిషి. కొన్నాళ్ళకి ఫోనుతో మాట్లాడే కొత్తరకం మిషను కొనుక్కున్నాక నన్ను పారెయ్యలేదు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున నీలమ్మపాలెం అనే చేపలపల్లె ఉంది. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సు సువార్త ఒక వైద్య శిబిరంలో ఆయనకు పరిచయం. నన్నూ, మిగిలిన స్ట్రిప్‌లనూ ఆమె చేతిలో పెట్టి, "ఇవి అయిపోతే చెప్పమ్మా, పంపిస్తాను" అన్నారు. అన్నట్టే పంపిస్తూ వచ్చారు.

సువార్త నన్ను బల్ల సొరుగులో పెట్టుకుంది. గాలిలో ఉప్పు, ఎండు చేపల వాసన. వచ్చేవాళ్ళ వేళ్ళు సదాశివరావు గారి వేళ్ళలాంటివి కావు. తాడు ఒరుసుకొని కాయలు కాచిన వేళ్ళు. సూది దిగేది కాదు. పక్కన మెత్తగా ఉండే చోటు వెతకాల్సి వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే ముత్యాలు అనే అమ్మాయి భర్తను భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. అతని పేరు కొర్లయ్య. పాతికేళ్ళు కూడా ఉండవు. అతని చొక్కా ఇంకెవరిదో వేసుకున్నట్టు వేలాడుతోంది. నెల కిందటి వరకు బోటును ఇసుకలోకి తోసేటప్పుడు ముందు నిలబడేవాడట. ఇప్పుడు బెంచీ మీద కూర్చోవడానికే ఆయాసపడుతున్నాడు.

"సిస్టరుగోరూ, కడివెడు నీళ్ళు తాగేత్తన్నాడు. తాగినవన్నీ ఎంటనే పోసేత్తన్నాడు. తింటాడు, అయినా సిక్కిపోతన్నాడు," అంది ముత్యాలు. "సముద్రంలో జడుసుకున్నాడని మా అయ్య తాయెత్తు కట్టించినాడు."

సువార్త అతని దగ్గరగా వంగింది. మగ్గిన పండు వాసన వేసింది అతని ఊపిరి. ఆమె ముఖం మారింది. నన్ను తీసి స్ట్రిప్ పెట్టి వేలు పొడిచింది. ఆ నెత్తురు నోట్లో పడగానే నాకు లెక్క అందలేదు. నేను కొలవగలిగిన హద్దు దాటిపోయింది. అలాంటప్పుడు అంకె వెయ్యను, 'ఎక్కువ' అని చెప్పడానికి హెచ్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తాను. ఫోనులో సందేశాలు చూసే అలవాటున్న కొర్లయ్య వాటిని కూడబలుక్కున్నాడు.

"ఏటమ్మా, మిషను నాకు హాయ్ అంటంది?"

అతను నవ్వబోయాడు. సువార్త నవ్వలేదు. అప్పటికే అంబులెన్సుకు ఫోను చేస్తోంది.

పట్నంలోని ఆసుపత్రిలో అతను వారానికి పైగా ఉన్నాడు. మొదటి రెండు రోజులూ ముత్యాలుకి ఆశ లేదని తర్వాత విన్నాను. తిరిగి వచ్చాక ఇద్దరూ ఇన్సులిన్ సీసాలు పట్టుకుని సువార్త దగ్గరికి వచ్చారు. ఆసుపత్రిలో చెప్పిందేదీ కొర్లయ్య తలకెక్కలేదు. ఆమె వాళ్ళను బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది.

"కొర్లయ్యా, బోటు ట్యాంకు నిండా డీజిలుంది. ఇంజనుకు పోయే ట్యాపు కట్టేసుంది. ఇంజను ఆడతాదా?"

"ఎలాగాడతాది? గుక్కపట్టి ఆగిపోద్ది."

"నీకూ అంతే. తిన్న అన్నం గ్లూకోజై నెత్తుట్లోకి వచ్చింది. నెత్తుట్లోంచి కండల్లోకి పోవాలంటే ట్యాపు తిప్పాలి. తిప్పేది ఇన్సులిన్. పొట్ట వెనకాల క్లోమం అని ఒకటుంటది, అది తయారు చేస్తది. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే పొరపాటుపడి నీ క్లోమంలో ఆ పనిచేసే కణాల్ని చంపేశారు. అందుకే నెత్తురు నిండా తీపి, కండలకేమో పస్తు. మిగిలిన తీపి మూత్రంలో పోతా పోతా నీళ్ళను కూడా లాక్కుపోయింది. దాహం అందుకే."

"మరి సిక్కిపోడం?"

సువార్త ముత్యాలు వైపు తిరిగింది. "పొయ్యిలోకి కట్టెలు లేవు. పొయ్యి ఆరకూడదు. ఏం చేస్తావు?"

"ఏటి సేత్తాం, ఇంట్లో పీటో పలకో ఇరిసి ఎడతాం."

"ఇతని ఒళ్ళు అదే చేసింది. సొంత కొవ్వునీ కండనీ కాల్చుకుంది. ఆ పొగే ఊపిరిలో పండు వాసన. ఆ పొగ ఇంకొంచెం ఎక్కువైతే మనిషి దక్కడు."

కొర్లయ్య చేతిలోని సీసాను తిప్పి చూశాడు. "ఎన్నాళ్ళకు నయమవుద్ది?"

"నయం కాదు నాయనా. సూది వేసుకుంటే అందరిలాగే బతుకుతావు. మానేస్తే మళ్ళీ మొన్నటి కథే."

ఆ రోజే సువార్త నన్ను ముత్యాలు చేతికిచ్చింది. మందును చల్లగా ఉంచడానికి వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ లేదు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ అడుగున ఇన్సులిన్ సీసా, కుండ పక్కన చెక్క మీద నేను. పొద్దునా సాయంత్రమూ కొర్లయ్య వేలు, కొర్లయ్య నెత్తురు. మొదట్లో గోడవైపు తిరిగి పొడుచుకునేవాడు. మెల్లగా ఒళ్ళు చేశాడు. చొక్కా మళ్ళీ అతనిదిగా కనబడింది.

ఒళ్ళు బాగుపడ్డాక మొదలైంది అసలు బాధ. బోటు దానయ్యది. దానయ్య ముత్యాలుకు తండ్రి, కొర్లయ్యకు సొంత మేనమామ. అతని తమ్ముడు ఒకప్పుడు జ్వరంతోనే వేటకొచ్చి, కళ్ళు తిరిగి నీళ్ళలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు. ఆనాటి నుంచి ఒంట్లో బాగోని మనిషిని దానయ్య బోటెక్కనివ్వడు.

"ఒడ్డున కూకో. వలలు బాగుసెయ్యి. సూదులేసుకునేవోడికి సముద్రం ఎందుకురా?" అన్నాడు.

కొర్లయ్య ముసలివాళ్ళతో కలిసి తాటాకు పాక కింద కూర్చుని చిరిగిన వలలు కుట్టాడు. పొద్దున్న బోట్లు వెళ్ళేటప్పుడు ఇంట్లోనే ఉండిపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒడ్డుకు వెళ్ళేవాడు కాదు. నా అంకెలు అప్పుడు చక్కగా ఉండేవి. అంకెలు చక్కగా ఉన్న మనిషి సంతోషంగా ఉంటాడని సదాశివరావు గారి ఇంట్లో నేర్చుకున్నాను. అది నిజం కాదని ఇక్కడ తెలిసింది.

ఒక సాయంత్రం అతను ముత్యాలుతో అన్నాడు. "సూదులు మానేసినాను, ఆకుపసరుతో నయమైపోనాది అని మావకి సెప్పేద్దాం."

"అబద్దమాడి సముద్రంలోకి ఎల్తావేటి బావా?"

"నిజం సెప్తే ఎల్లనిత్తాడేటి?"

అతను పాక కింద కూర్చోవడం రోజూ చూస్తున్నది ఆమే. ఒప్పుకుంది. దానయ్య అల్లుణ్ణి పైనించి కిందదాకా చూశాడు, దండచెయ్యి పట్టి చూశాడు, నమ్మాడు. నమ్మాలని అతనికీ ఉందేమో.

కొర్లయ్య మళ్ళీ బోటెక్కాడు. తెల్లారకముందే ఇంట్లో సూది వేసుకుని, సద్ది తిని వెళ్ళేవాడు. నేను చెక్క మీదే ఉండేదాన్ని. ముత్యాలుకు మాత్రం మనసు ఒప్పలేదు. షుగరు మరీ పడిపోతే ఏం చెయ్యాలో సువార్త ఆమెకు నేర్పి ఉంది. ఒకరోజు నన్నూ, స్ట్రిప్‌లనూ, పంచదార పొట్లాన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి, అతని సద్ది డబ్బా అడుగు గిన్నెలో పెట్టింది. కొర్లయ్య చూసి కోప్పడ్డాడు.

"మావ సూత్తే?"

"అడుగునుంటాది. నువ్వు తియ్యొద్దు, ఆళ్ళకి సూపించొద్దు. ఉంటాది, అంతే."

అలా నేను సముద్రమెక్కాను. చాలా రోజులు డబ్బా అడుగున చీకట్లో ఇంజను చప్పుడు వింటూ, ఏ పనీ లేకుండా వెళ్ళి వచ్చాను.

ఆ రోజు కానాగంతల చేపల గుంపు కనబడిందని దానయ్య అందరినీ తొందరపెట్టాడు. కొర్లయ్య సూది వేసుకున్నాడు. సద్ది ముందు పెట్టుకున్నాడు. సగం తినేలోపే గుమ్మంలోంచి కేక. చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మామూలు మనిషి క్లోమం చాలా తెలివైనది. తిన్నప్పుడు ఇన్సులిన్ వదులుతుంది, పస్తున్నప్పుడు ఆపేస్తుంది. షుగరు మరీ పడిపోతే ఇంకో రసాన్ని వదిలి, కాలేయంలో దాచిన నిల్వను బయటికి రప్పిస్తుంది. పొద్దంతా ఇలా బిగిస్తూ వదులుతూ ఉంటుంది. సూదితో ఎక్కించిన ఇన్సులిన్‌కి ఆ తెలివి లేదు. ఒకసారి లోపలికి వెళ్ళాక వెనక్కి పిలవలేం. పైగా కష్టపడి పనిచేసే కండ ఇన్సులిన్ అడక్కుండానే గ్లూకోజును గుంజుకుంటుంది. సూది మందు ఒకవైపు, కండ ఒకవైపు లాగుతుంటే నెత్తుట్లో ఏమీ మిగలదు. మిగతా ఒళ్ళు కొవ్వుతో కొంతసేపు నెట్టుకొస్తుంది. మెదడుకు ఆ వీలు లేదు. అది గ్లూకోజు కోసమే కూర్చుని ఉంటుంది.

వల నిండా చేప పడింది. నేను డబ్బాలోనే ఉన్నాను కనక నాకు మాటలే వినబడ్డాయి. మొదట పాటలాగా కేకలు, నవ్వులు, తాడు అంచుకు ఒరుసుకునే చప్పుడు. చాలాసేపు లాగారు. తర్వాత కొర్లయ్య గొంతు ఒక్కటే వేరుగా వినబడింది.

"నానెందుకు లాగాలి? నీ వల, నీ సేప. నువ్వే లాగు."

"ఏట్రా ఆ మాట?" దానయ్య గొంతు.

"నీ బాబు సొమ్మేటి సముద్రం?"

మేనమామను ఆ ఊళ్ళో ఎవరూ అలా అనరు. చెంపమీద దెబ్బ పడిన చప్పుడు విన్నాను. ఆ వెంటనే ఎవరో చెక్కల మీద కూలబడ్డ చప్పుడు.

"పొద్దున్నే తాగొచ్చినాడు ఎదవ," అన్నాడు దానయ్య.

"తాగలేదు మావా," అన్నాడు పైడయ్య. బోటులో పనిచేసే మరో మనిషి. "నోరు వాసన సూడు. ఏటీ నేదు. ఒళ్ళు సల్లగైపోనాది. సెమట సూడు, నీళ్ళు పోసినట్టుంది."

దానయ్య కిందికి వంగి ఉంటాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు అతని గొంతు మారిపోయింది. "కొర్లా. ఒరే కొర్లా. ఇటు సూడు."

జవాబుగా అర్థంలేని గొణుగుడు వినిపించింది.

"గంజి పట్రా. సద్దిలో ఉంటాది, బేగి!"

డబ్బా మూత ఊడింది. పైగిన్నె తీశారు, అడుగు గిన్నె తీశారు. ఒక్కసారిగా ఆకాశం, ఎండ, దానయ్య ముఖం. పెద్ద మీసాలు, ఎర్రబడిన కళ్ళు. నన్ను కవరుతో సహా పైకెత్తి చూశాడు. అప్పటికే సగం అర్థమైందనుకుంటాను. నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఫోను తీశాడు. ఒడ్డు ఇంకా గీతలా కనబడుతూనే ఉంది. సిగ్నలు అందింది.

"ముత్యాలూ. నీ మొగుడు తిక్కతిక్కగా మాటాడి పడిపోనాడు. డబ్బాలో ఏదో మిషనుంది. ఏటిది?"

అవతల నుంచి ఆమె గొంతు గట్టిగా వచ్చింది.

"అయ్యా, పంచదార పొట్లం ఉంది సూడు. ముందు అది నోట్లో ఎట్టు."

"మిషను ఏటి సెయ్యమంటావు?"

"మిషను తరవాత సూడొచ్చు! పంచదార ఎట్టయ్యా!"

దానయ్య గుప్పెడు పంచదార తీసి కొర్లయ్య నోటికి పెట్టాడు. కొర్లయ్య పళ్ళు బిగించి తల తిప్పేసుకున్నాడు. పంచదార చెక్కల మీద, చేపల మీద రాలింది.

"ఉమ్మేత్తన్నాడే. నీళ్ళతో పొయ్యమంటావా?"

"నీళ్ళొద్దు! గుటక ఎయ్యలేకపోతే ఊపిరిలోకి ఎలిపోద్ది. ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఏలితో సిగుళ్ళకి రాయి, బుగ్గ నోపల రాయి. తిడతాడు, పట్టించుకోకు. అది బావ కాదయ్యా, ఆడి ఆకలి."

పైడయ్య కాళ్ళు పట్టుకున్నాడు. దానయ్య అల్లుడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను పక్కనే తాళ్ళ చుట్ట మీద పడి ఉన్నాను. తాడు లాగి బండబారిన ఆ వేలు చిటికెడు పంచదార అద్దుకుని, పసిబిడ్డకు ఉగ్గు నాకించినట్టు, బుగ్గ లోపల రాయడం చూశాను. కొర్లయ్య ఒకసారి గట్టిగా కొరికాడు. వేలు తియ్యలేదు దానయ్య. "కొరుకు. కొరకరా," అన్నాడు మెల్లగా. మళ్ళీ అద్దుకున్నాడు, మళ్ళీ రాశాడు.

అప్పుడే బోటు ఒక పక్కకు ఒరిగింది. సగం లాగిన వల బరువుకు నీళ్ళలోకి గుంజుతోంది. నాలుగో మనిషి అరిచాడు. "మావా, వల! లాగేసుకుందాం, ఇంకెంతో నేదు."

దానయ్య తలెత్తకుండానే అన్నాడు. "జెండా కట్టి వొగ్గేయండి."

"ఇంత సేప పడినాది మావా."

"వొగ్గేయమన్నానా? ఇంజను తియ్యి. ఒడ్డుకి."

వల కొసకు జెండా కట్టిన తేలే బెండు తగిలించి వదిలేశారు. చేపల వెండి మెరుపు నీళ్ళలోకి జారిపోవడం మిగతా ఇద్దరూ చూశారు. దానయ్య చూడలేదు.

ఫోనులో ముత్యాలు చెబుతుంటే అతను నా నోట్లో స్ట్రిప్ పెట్టాడు. మొదటిసారి కొర్లయ్య వేలు చేపల జిగురుతో, ఉప్పునీళ్ళతో తడిసి ఉంది. నేను అంకె వెయ్యలేక తప్పు అని చూపించాను. పాపం, అది తన తప్పే అనుకున్నాడు దానయ్య. మంచినీళ్ళతో కడిగి, తలపాగా గుడ్డతో తుడిచి, ఇంకో స్ట్రిప్ పెట్టాడు. నలభై ఒకటి చూపించాను. మనిషికి కనీసం డెబ్బై ఉండాలి.

"ఇంకా రాయయ్యా. ఆపొద్దు," అంది ముత్యాలు. ఆమె ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. అంతవరకు మాటలో ఎక్కడా తెలియనివ్వలేదు.

కాసేపటికి కొర్లయ్య దవడ వదులైంది. నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. ఈసారి తనంతట తానే గుటక వేశాడు. పంచదార కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. మళ్ళీ కొలిస్తే డెబ్బై దాటింది. కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో తెలియనివాడిలా మామ ముఖంలోకి చూశాడు.

"మావా, వలేదీ?"

"ఉంది. సముద్రంలో."

చెంప వాచి మండుతుంటే కొర్లయ్య చెయ్యి పెట్టుకున్నాడు. ఏం జరిగిందో అతనికి గుర్తు లేదు. దానయ్య ముఖం తిప్పుకున్నాడు. అల్లుడి సద్ది డబ్బాలో మిగిలిన అన్నం ముద్దలు కలిపి చేతిలో పెట్టాడు, తినేదాకా ఊరుకోలేదు. ఒడ్డు దగ్గర పడుతుండగా అడిగాడు.

"సూదులు మానలేదన్నమాట."

"మానలేదు మావా. సెప్తే ఒడ్డున కూకోబెడతావని."

"కూకోబెడుదును. నిజమే." దానయ్య మళ్ళీ అన్నాడు. "నీకు సుగరుందని కాదురా నాకు కోపం. నా బోటులో మనిషి పడిపోతే ఏటి సెయ్యాలో నాకు తెలీకుండా సేసినావు. సచ్చిపోతన్నోణ్ణి కొట్టించినావు నా సేత."

కొర్లయ్య తలవంచుకున్నాడు.

ఒడ్డున ముత్యాలూ, సువార్తా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. బోటు ఇసుక తగలకముందే ముత్యాలు అంచు పట్టుకుంది. దానయ్య కూతుర్ని తిట్టలేదు. నన్ను మాత్రం ఆమెకు ఇవ్వకుండా తన సంచిలో వేసుకుని, నేరుగా సువార్త దగ్గరికి నడిచాడు.

"ఇది ఎలాగాడతాదో నాకు మొదటినించి సెప్పు తల్లీ."

మర్నాడు వెళ్ళి వెతికితే వల కనబడలేదు. ఏ పెద్ద బోటు తెంపుకుపోయిందో తెలియదు. ఆ ఊసు దానయ్య మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కొత్త వల అల్లేటప్పుడు కొర్లయ్య పాక కిందే ఉన్నాడు, కానీ ఈసారి దానయ్య అతని పక్కన కూర్చుని అల్లాడు.

సువార్త వాళ్ళిద్దరినీ పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వేటకు వెళ్ళే రోజున పొద్దుటి మందు తగ్గించమనీ, కడుపు నిండా తిననిదే బయల్దేరొద్దనీ, వల లాగేముందు ఒకసారి, లాగాక ఒకసారి కొలుచుకోమనీ డాక్టరు చెప్పారు. అంతకుముందు, అసలు వేటకు పోవచ్చా అని కొర్లయ్య అడగలేదు. దానయ్యే అడిగాడు. డాక్టరు సమాధానం పూర్తి కాకముందే, "నానుంటాను కదా పక్కన," అన్నాడు.

ఆ తర్వాత నేను బోటులో దాక్కోలేదు. ఇంజను పెట్టె పైన మూత బిగించిన డబ్బాలో నాకు చోటిచ్చారు. వల దగ్గరికి రాగానే దానయ్య కేకేసేవాడు. "కొర్లా, అంకె సెప్పు. సెప్పందే తాడు ముట్టకు." అంకె తక్కువైతే వల నీళ్ళలోనే ఉండేది. నలుగురూ కూర్చుని అతను అరటిపండు తినేదాకా సముద్రం చూసేవాళ్ళు. మొదట్లో కొర్లయ్య సిగ్గుపడేవాడు. పైడయ్య బీడీ వెలిగించుకుని, "నీ పుణ్యమా అని మాకూ నడుం వాలతంది, తిను," అనేవాడు. దానయ్య తాను కొట్టిన దెబ్బకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. మొలలో బెల్లం ముక్క కట్టుకోవడం మాత్రం మొదలుపెట్టాడు. ఎండకు అది కరిగి పంచె నిండా మరకలైతే, ఉతికేటప్పుడు ముత్యాలు తిట్టేది.

ఉప్పుగాలి నన్ను లోపలినుంచి తింటూ వచ్చింది. ముందు బటను బిగిసింది. తర్వాత అద్దం మీద అంకెల్లో కొన్ని గీతలు కనబడటం మానేశాయి. ఎనిమిది సున్నాలా కనబడితే ప్రమాదం కదా. నా రకం స్ట్రిప్‌లు కూడా రావడం ఆగిపోయిందని సదాశివరావు గారు కబురు పంపారు. దానయ్య పట్నం వెళ్ళి కొత్త మిషను తెచ్చాడు. నన్ను చెత్తలో వెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. గుడ్డలో చుట్టి సువార్తకు తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు నేను మళ్ళీ ఆ బల్ల సొరుగులోనే ఉన్నాను. బ్యాటరీ తీసేశారు. నాలో వెలుగు లేదు. అయినా సువార్త నన్ను పారెయ్యలేదు. కొత్తగా షుగరు బయటపడ్డవాళ్ళకు నన్నిచ్చి నేర్పుతుంది. స్ట్రిప్ ఎలా పెట్టాలి, వేలు ఏ పక్కన పొడవాలి, బొట్టు ఎలా తాకించాలి. అంకె చూపించలేని యంత్రమంటే వాళ్ళకు భయం ఉండదు. ఎన్నిసార్లు తప్పు చేసినా నేనేమీ అనను. మనుషులకు అంకె కంటే ముందు చెయ్యి వణకడం తగ్గాలని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఎండాకాలంలో వేట ఆపేసి బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. ఆ రోజుల్లో కొర్లయ్య అప్పుడప్పుడు వచ్చి సువార్తకు సాయంగా కూర్చుంటాడు. మొన్న ఎండు చేపలు అమ్మే ఒక పెద్దావిడ వచ్చింది. పేరు గురమ్మ. నన్ను చేతిలోకి తీసుకోవడానికే వెనకాడింది. కొర్లయ్య ఆమె అరచేయి విప్పి నన్ను అందులో పెట్టి, వేళ్ళు మూశాడు.

"నొప్పెడతాదేటి బాబూ?" అంది గురమ్మ.

"ఎడతాది పెద్దమ్మా. సీమ కుట్టినంత." కాస్త ఆగి అడిగాడు. "ఇంట్లో నీతోపాటు ఎవులుంటారు?"

"నా కోడలుంది."

"రేపు ఆయమ్మని కూడా తీసుకురా. ముందు ఆయమ్మకి నేర్పుతాను."

గురమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, కానీ నన్ను కింద పెట్టలేదు.